దుబాయ్‌ నాలుగు గంటలే.. దేవనహళ్లికే దూరం!

బెంగళూరు నుంచి దుబాయ్‌ ఎంత దూరం? విమాన మార్గంలో సుమారు 2,700 కిలోమీటర్లు. ఎంతసేపు పడుతుంది? నాలుగు గంటలు. మరి హోసూరు నుంచి బెంగళూరు విమానాశ్రయానికి? రోడ్డు మీద 75 కిలోమీటర్లకు అటూ ఇటూ. దానికెంతసేపు? ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం సరిహద్దులో ఎవరూ వెంటనే జవాబు చెప్పరు. ఏ వేళకు బయలుదేరతావు, ఏ దారిన పోతావు అని ఎదురు ప్రశ్న వేస్తారు. తెల్లవారుజామున మూడింటికైతే గంటన్నర. సాయంత్రం ఆరింటికైతే మూడు గంటలైనా కావచ్చు. పైన ఆకాశంలో లెక్క తప్పని ప్రయాణం కింద నేల మీద తప్పుతోంది. దీనికి కారణం ట్రాఫిక్‌ ఒక్కటే కాదు. 20 ఏళ్ల కిందట రాసుకున్న ఒక ఒప్పందం కూడా.

టికెట్టు మీది గడియారం

ముందు ఆ నాలుగు గంటల సంగతి చూద్దాం. కొత్తగా గల్ఫ్‌ బయలుదేరే కుర్రాళ్లు, వాళ్లను సాగనంపే ఇంటివాళ్లు తికమక పడేది ఇక్కడే. దుబాయ్‌ గడియారం మన గడియారం కన్నా గంటన్నర వెనక నడుస్తుంది. ఉదయం 10 గంటలకు బెంగళూరులో లేచిన విమానం మధ్యాహ్నం 12.30కి దుబాయ్‌లో దిగుతుందని టికెట్టులో ఉంటుంది. చూడబోతే రెండున్నర గంటలే! అదే తిరుగు ప్రయాణంలో రాత్రి 10కి లేచి తెల్లవారుజామున 3.15కి దిగుతుందని ఉంటుంది. అంటే అయిదుంబావు గంటలు! రెండూ నిజం కాదు. టికెట్టులో ఎక్కే టైము ఎక్కిన ఊరిది, దిగే టైము దిగిన ఊరిది. గంటన్నర అటు కలిపి, ఇటు తీసేస్తే పోవడానికి నాలుగు గంటలు, రావడానికి మూడుముప్పావు.

పోయేదానికీ వచ్చేదానికీ ఆ పావుగంట, ఒక్కోసారి అరగంట తేడా ఎందుకొచ్చింది? గాలి వల్ల. విమానాలు ఎగిరే 10, 12 కిలోమీటర్ల ఎత్తులో చలికాలంలో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. దుబాయ్‌ పోయే విమానానికి అది ఎదురుగాలి, వచ్చేదానికి వెనక నుంచి తోపు. వానాకాలంలో దక్షిణాది మీద పైగాలి తూర్పు నుంచి పడమటికి మళ్లుతుంది. అప్పుడు ఈ తేడా తగ్గిపోతుంది. విమానం వేగం మారలేదు, దూరం మారలేదు, గాలి మారిందంతే.

ఇంకో మాట. 2,700 కిలోమీటర్లను గంటకు 830 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే మూడుంబావు గంటలే వస్తుంది. మిగతా ముప్పావు గంట ఎక్కడ పోయింది? గేటు దగ్గర తలుపులు మూసిన దగ్గర్నుంచి దిగాక గేటు దగ్గర తలుపులు తెరిచేదాకా కంపెనీలు లెక్క వేస్తాయి. రన్‌వే దాకా నడక, పైకి ఎక్కడం, దిగేముందు వరుసలో తిరగడం అన్నీ అందులోనే. దుబాయ్‌ లాంటి రద్దీ చోట దిగడానికి వంతు కోసం గాల్లో చక్కర్లు కొట్టడం మామూలే.

ఆకాశానికీ గేట్లు

రెండు ఊళ్ల మధ్య దూరం ఎప్పుడూ ఒకటే అయినా ఆకాశంలో దారి అందరికీ ఒకటి కాదు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత పాకిస్థాన్‌ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసేసింది. కొద్ది రోజులకే భారత్‌ కూడా అదే పని చేసింది. బాలాకోట్‌ తర్వాత 2019లోనూ ఫిబ్రవరి చివరి నుంచి జులై మధ్యదాకా ఇదే తంతు. ఢిల్లీ నుంచి గల్ఫ్‌కు పోయే భారత విమానాలు గుజరాత్‌ వైపు దిగి, అరేబియా సముద్రం మీదుగా చుట్టి పోవాల్సి వచ్చింది. గల్ఫ్‌ కంపెనీల విమానాలకు ఆ నిషేధం లేదు. అంటే అవే రెండు ఎయిర్‌పోర్టులు, కంపెనీని బట్టి రెండు రకాల టైములు! ఢిల్లీ నుంచి తాష్కెంట్‌, ఆల్మటీలకు ఇండిగో తన చిన్న విమానాలతో నడిపిన సర్వీసులను 2025 ఏప్రిల్‌ ఆఖరులో ఆపేయాల్సి వచ్చింది. చుట్టుదారిన పోవడానికి ఆ విమానాల సత్తువ చాలదు.

దక్షిణాది ప్రయాణికులకు ఈ విషయంలో కొంత అదృష్టం. బెంగళూరు నుంచి లేచిన విమానం పడమటి కనుమలు దాటి, అరేబియా సముద్రం మీద పోయి, ఒమన్‌ మీదుగా దుబాయ్‌ చేరుతుంది. మధ్యలో పాకిస్థాన్‌ నేల తగలదు. ఆ గొడవ దుబాయ్‌ దారిని తాకలేదు.

గల్ఫ్‌లోనే నిప్పు రాజుకుంటే మాత్రం ఏ దారీ పనికిరాదు. 2025 జూన్‌ 23 రాత్రి ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్‌ క్షిపణులు వేసినప్పుడు ఖతార్‌, యూఏఈ, కువైట్‌, బహ్రెయిన్‌ కొన్ని గంటల పాటు గగనతలాన్ని మూసేశాయి. విమానాలు సగం దారిలో వెనక్కి తిరిగాయి. కడప, చిత్తూరు వైపు నుంచి కువైట్‌ పనులకు పోయేవాళ్లకు, వాళ్ల ఇళ్లలో ఫోను పట్టుకుని కూర్చునే తల్లులకు, భార్యలకు నాలుగు గంటల ప్రయాణం అంటే ఏమిటో అలాంటి రాత్రుల్లో తెలుస్తుంది.

పదకొండు గంటల్లో నాలుగే గాల్లో

ఇక నేల మీదకు వద్దాం. బాగలూరు పక్క పల్లె నుంచి ఒక కుర్రాడు దుబాయ్‌ బయలుదేరాడనుకుందాం. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు రమ్మంటారు. బయలుదేరడానికి గంట ముందే కౌంటరు మూసేస్తారు కాబట్టి ఆ మాట కొట్టిపారేయడానికి లేదు. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు రెండున్నర గంటలు. అక్కడ మూడు గంటలు. గాల్లో నాలుగు. దిగాక ఇమిగ్రేషన్‌, లగేజీ, బస చేరడం మరో గంటన్నర. మొత్తం పదకొండు గంటలు. ఇందులో విమానం కదిలింది నాలుగు గంటలే. గంటకు 675 కిలోమీటర్ల లెక్కన సముద్రం దాటినవాడు దేవనహళ్లికి గంటకు 30 కిలోమీటర్ల లెక్కన చేరాడు. సైకిల్‌ బాగా తొక్కేవాడు దాదాపు అంత వేగం పోతాడు.

ఇది ముందు ఇలా లేదు. 2008 మే దాకా బెంగళూరు విమానాలన్నీ నగరంలోని హెచ్‌ఏఎల్‌ ఎయిర్‌పోర్టు నుంచే లేచేవి. హోసూరు నుంచి అది 40 కిలోమీటర్ల లోపే. 2008 మే 24న దేవనహళ్లిలో కొత్త విమానాశ్రయం మొదలైంది. ప్రయాణికుల విమానాలకు హెచ్‌ఏఎల్‌ తలుపులు మూసుకున్నాయి. నగరానికి ఉత్తరాన ఉన్న కొత్తది దక్షిణాన ఉన్న హోసూరు, అత్తిబెలె, ఆనేకల్‌ వాళ్లకు నగరం అవతలి ఒడ్డున పడింది. సిల్కుబోర్డు, హెబ్బాళ దాటందే విమానం దొరకదు. తెలిసినవాళ్లు మాలూరు, హొసకోట, బూదిగెరె మీదుగా పోయి నగరాన్ని తప్పించుకుంటారు. ఆ దారిలోనూ రాత్రిపూట లారీల వరుస తప్పదు.

అదే మార్పు ఇంకొందరు తెలుగువాళ్లకు కలిసొచ్చింది కూడా. బాగేపల్లి, గౌరిబిదనూరు, చింతామణి, కోలారు వాళ్లకు విమానం నగరం దాటి ఇవతలికి వచ్చినట్లయింది. బాగేపల్లి నుంచి హైవే ఎక్కితే గంటంబావులో ఎయిర్‌పోర్టు. హిందూపురం, పెనుకొండ వాళ్లకూ అంతే, కాస్త ఎక్కువ. చిక్కబళ్లాపురం దాకా నేల ధరలు ఎక్కడికి పోయాయో అక్కడివాళ్లను అడగక్కర్లేదు. బళ్లారి వాళ్లకు మాత్రం ఏ లెక్కా మారలేదు. బెంగళూరు వాళ్లకు అప్పుడూ రాత్రి ప్రయాణమే, ఇప్పుడూ రాత్రి ప్రయాణమే.

150 కిలోమీటర్ల గీత

మరి హోసూరుకే ఒక ఎయిర్‌పోర్టు ఉంటే పోదా? హోసూరు దగ్గర బేళగొండపల్లిలో ప్రైవేటు విమాన కంపెనీ రన్‌వే ఎప్పటి నుంచో ఉంది. పొడవు రెండు కిలోమీటర్లకు పైనే. అయినా అక్కడ టికెట్టు కొని ఎక్కే విమానం లేదు.

కారణం 2004 జులై 5న కేంద్ర ప్రభుత్వం బెంగళూరు విమానాశ్రయ సంస్థతో చేసుకున్న ఒప్పందం. దేవనహళ్లికి ఆకాశ మార్గంలో 150 కిలోమీటర్ల లోపు, విమానాశ్రయం తెరిచిన నాటి నుంచి 25 ఏళ్లు నిండేదాకా, మైసూరు, హాసన్‌ తప్ప మరే చోటా అంతర్జాతీయ విమానాశ్రయం రానివ్వబోమని అందులో మాట ఇచ్చారు. అంటే 2033 మే దాకా. హోసూరు దేవనహళ్లికి ఆకాశ మార్గంలో 60 కిలోమీటర్ల లోపే. కుప్పం 85 కిలోమీటర్లు, పుట్టపర్తి నూరు దాటి కొంచెం. అంతా గీత లోపలే. సేలం, కడప గీత బయట.

ఆ రోజుల్లో అలాంటి మాట ఇవ్వడానికి అర్థం లేకపోలేదు. దేశంలో ప్రైవేటు పెట్టుబడితో ఖాళీ నేల మీద ఇంత పెద్ద విమానాశ్రయం కట్టడం అప్పటికి కొత్త. వేల కోట్లు పెట్టేవాడికి పక్కనే మరొకటి లేవదన్న భరోసా కావాలి. సంస్థలో ప్రైవేటు వాటా 74 శాతమైతే, కర్ణాటక ప్రభుత్వ సంస్థకు 13, కేంద్రం చేతిలోని ఎయిర్‌పోర్ట్స్‌ అథారిటీకి 13 ఉండేలా మొదలుపెట్టారు. మాట ఇచ్చిన ప్రభుత్వమే అందులో వాటాదారన్న సంగతి సరిహద్దులో ఎక్కువమందికి తెలియదు. రాష్ట్రం దాటి అవతల ఎయిర్‌పోర్టు లేస్తే ప్రయాణికులు, వాళ్లతోపాటు వచ్చే రాబడి, చుట్టూ లేచే హోటళ్లు అటు పోతాయి. కర్ణాటక దాన్ని చప్పట్లు కొట్టి ఆహ్వానిస్తుందనుకోవడం అమాయకత్వం.

కాకపోతే 2004లో ఎవరూ ఊహించని సంగతి ఒకటి జరిగింది. బెంగళూరు విమానాశ్రయంలో 2024-25లో నాలుగు కోట్ల 18 లక్షల మందికి పైగా ఎక్కి దిగారు. రెండు రన్‌వేలు, రెండు టెర్మినళ్లు ఉన్నా చాలని రోజు కనిపిస్తోంది. కర్ణాటకే రెండో విమానాశ్రయానికి కనకపుర రోడ్డు, నెలమంగళ-కుణిగల్‌ దారుల్లో స్థలాలు చూపించింది. 2025 ఏప్రిల్‌లో ఎయిర్‌పోర్ట్స్‌ అథారిటీ బృందం వాటిని చూసి వెళ్లింది. కొత్తగా లేచే పోటీకి భయపడి పెట్టిన గీత, ఇప్పుడు గీసినవాళ్లకే అడ్డం పడుతోందన్నమాట.

గీత చెరిపిన చోట్లు

హైదరాబాద్‌ శంషాబాద్‌ విమానాశ్రయానికీ ఇలాంటి 150 కిలోమీటర్ల రక్షణే ఉంది. అయినా తెలుగువాళ్లు బాగా ఉన్న బీదర్‌లో 2020 ఫిబ్రవరిలో విమానం ఎగిరింది. శంషాబాద్‌ నిర్వాహకులు అభ్యంతరం లేదనడంతోనే అది సాధ్యమైంది. వరంగల్‌ మామునూరు కథా అంతే. నిజాం కాలపు విమానాశ్రయం దశాబ్దాలుగా మూతపడి ఉంటే, శంషాబాద్‌ సంస్థ ఒప్పుకోలు దొరికాక 2025 ఫిబ్రవరి ఆఖరులో కేంద్రం పచ్చజెండా ఊపింది. అంటే ఒప్పందంలోని గీత రాతిలో చెక్కింది కాదు. రెండో పక్షం సరేనంటే చెరుగుతుంది.

అయితే బీదర్‌కూ హోసూరుకూ పోలిక ఒక మేరకే. బీదర్‌లో చిన్న విమానాలు రోజుకు ఒకటీ అరా ఎగిరితే శంషాబాద్‌కు నష్టమేమీ లేదు. హోసూరు సంగతి వేరు. ఎలక్ట్రానిక్స్‌ సిటీ, సర్జాపుర, బొమ్మసంద్ర పారిశ్రామికవాడ హోసూరుకు గంట లోపు దూరం. దక్షిణ బెంగళూరు జనం దేవనహళ్లి కన్నా హోసూరుకే ముందు చేరతారు. చేతిలో ఉన్న బేరాన్ని పక్కవాడికి అప్పజెప్పే వ్యాపారి ఎవరు?

రెండు వేల ఎకరాల ప్రకటన

2024 జూన్‌ 27న అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.కె.స్టాలిన్‌ శాసనసభలో హోసూరు విమానాశ్రయం ప్రకటించారు. రెండు వేల ఎకరాలు, ఏడాదికి మూడు కోట్ల మంది. ఆ తర్వాత స్థలాల వెదుకులాటలో బేరికె, బాగలూరు పేర్లు గట్టిగా వినిపించాయి. ఆ చుట్టుపక్కల పల్లెల్లో తెలుగే ఇంటి భాష అయినవాళ్లు ఎందరో. గులాబీ, చామంతి, టమోటా, క్యాబేజీ పండే నేలలవి. విమానాశ్రయం పేరు వినగానే దళారులు దిగడం, నేల ఎకరాల నుంచి అడుగుల లెక్కకు మారడం ఎక్కడైనా మామూలే. చెన్నై రెండో విమానాశ్రయానికి 2022లో పరందూరు పేరు చెప్పిన నాటి నుంచి ఏకనాపురం రైతులు ఏళ్ల తరబడి చేసిన నిరసనలు చూసినవాళ్లకు, ప్రకటనకూ రన్‌వేకూ మధ్య ఎంత దూరముందో తెలుసు.

నేల తర్వాత ఆకాశం. హోసూరు మీది గగనతలం హెచ్‌ఏఎల్‌ నియంత్రణ పరిధిలోది. యుద్ధ విమానాలు, హెలికాప్టర్లు పరీక్షించే చోటు అది. రక్షణ శాఖ ఒప్పుకోనిదే అక్కడ ప్రయాణికుల విమానం లేవదు. 2033 గడువు దానంతట అదే తీరిపోతుంది గానీ ఈ అనుమతి అలా రాదు. సరిహద్దులో చర్చంతా 150 కిలోమీటర్ల చుట్టూ తిరుగుతోంది. నిజానికి అది అన్నిటికన్నా చిన్న అడ్డంకి. దేవనహళ్లికే ఆలోచన పుట్టింది 1990ల మొదట్లో, విమానం లేచింది 2008లో. హోసూరులో రేపే కొబ్బరికాయ కొట్టినా పనులు తేలేసరికి 2033 దగ్గర పడుతుంది. కావాల్సింది నేల, ఆకాశం. ఆ రెండూ ఒప్పందంలో లేవు.

మూడోది, ఎవరూ మాట్లాడనిది. అంతర్జాతీయ విమానాశ్రయం అని బోర్డు పెడితే దుబాయ్‌ విమానం వచ్చి వాలదు. తిరుపతికి 2017లో ఆ హోదా వచ్చింది, విదేశీ విమానం కోసం ఎదురుచూపు మాత్రం ఏళ్ల తరబడి సాగింది. విజయవాడలో 2018 డిసెంబరులో సింగపూరు విమానం మొదలైంది. ఖాళీ సీట్ల నష్టాన్ని రాష్ట్ర ప్రభుత్వం భరించేలా ఏర్పాటు చేసుకున్నారు. మరుసటి ఏడాదే అది ఆగిపోయింది. 2025 నవంబరులో గానీ మళ్లీ మొదలు కాలేదు. బరంపురం, గంజాం తెలుగువాళ్లకు దగ్గరైన భువనేశ్వర్‌ నుంచి 2023 మేలో దుబాయ్‌ విమానం ఎగరడానికీ ఒడిశా ప్రభుత్వ ఆసరానే కారణం. దీనికితోడు భారత్‌-దుబాయ్‌ మధ్య వారానికి ఎన్ని సీట్లు నడపవచ్చో రెండు ప్రభుత్వాలు రాసుకున్నాయి. 2014 నాటి ఆ పరిమితి ఒక్కో వైపుకు 66 వేల సీట్ల దగ్గర ఉంది. గల్ఫ్‌ కంపెనీలు పెంచమని అడుగుతూ వచ్చాయి. భారత కంపెనీల్లో కొన్ని వద్దంటూ వచ్చాయి. టికెట్టు ధర దూరాన్ని బట్టి కాకుండా సీటు దొరకడాన్ని బట్టి ఉండటానికి కారణమిదే. ఓనం, సంక్రాంతి, బడి సెలవుల్లో అవే నాలుగు గంటలకు రెండింతలు, మూడింతలు కట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

ఈలోగా దారి

విమానం హోసూరుకు రావడం ఆలస్యమైతే హోసూరు విమానం దగ్గరికి తొందరగా పోవడం ఎలా అన్నది అసలు ప్రశ్న. అక్కడ కొంత కదలిక ఉంది. 2025 ఆగస్టు 10న బెంగళూరు మెట్రో పసుపు లైను బొమ్మసంద్ర దాకా వచ్చింది. అది సిల్కుబోర్డు దగ్గర నీలం లైనును కలుస్తుంది. ఆ నీలం లైను కె.ఆర్‌.పురం, హెబ్బాళ మీదుగా దేవనహళ్లి పోవాలి. సుమారు 58 కిలోమీటర్లు. అది పూర్తిగా నడిచిన రోజున హోసూరు ప్రయాణికుడు బొమ్మసంద్రలో రైలెక్కి, ఒక్కచోట మారి, విమానాశ్రయంలో దిగొచ్చు. తొందరగా పోతాడా అంటే చెప్పలేం గానీ, ఎప్పుడు చేరతాడో ముందే తెలుస్తుంది. విమానం పట్టుకోవాల్సినవాడికి అదే ముఖ్యం. బొమ్మసంద్ర నుంచి హోసూరు దాకా మెట్రో పొడిగించాలన్న తమిళనాడు ప్రతిపాదనకు, రెండు వైపులా కరెంటు పద్ధతి వేరు కావడం వల్ల పొంతన కుదరదని బెంగళూరు మెట్రో అధికారులు అభ్యంతరం చెప్పారు. ఆ దూరం మళ్లీ బస్సుకే మిగిలింది.

రోడ్డు మీద ఆశ ఇంకొంచెం దగ్గర. బెంగళూరు చుట్టూ 280 కిలోమీటర్ల శాటిలైట్‌ టౌన్‌ రింగ్‌ రోడ్డులో దొబ్బస్‌పేట, దొడ్డబళ్లాపుర, దేవనహళ్లి, హొసకోట భాగం 2024లో వాడుకలోకి వచ్చింది. హొసకోట నుంచి తమిళనాడు హద్దు దాకా భాగం కూడా కలిస్తే హోసూరు లారీ, కారు, బస్సు నగరంలో అడుగు పెట్టకుండానే దేవనహళ్లి చేరతాయి.

ఈ రోడ్డు కోసం మనుషుల కన్నా ఎక్కువగా ఎదురు చూసేది పూలు. హోసూరు చుట్టుపక్కల పాలీహౌసుల్లో పండే గులాబీలు ఫిబ్రవరి వచ్చిందంటే సింగపూరు, మలేసియా, గల్ఫ్‌ దేశాలకు ప్రయాణం కడతాయి. కోసిన గులాబీని చల్లని గదిలో పెట్టి, చల్లని లారీలో ఎక్కించి, విమానం దాకా ఆ చల్లదనం తెగకుండా తీసుకుపోవాలి. సింగపూరుకు గాల్లో నాలుగున్నర గంటలు, దుబాయ్‌కి నాలుగు. ఆ గంటలు రైతు చేతిలో లేవు, వాటితో అతనికి పేచీ కూడా లేదు. హెబ్బాళ దగ్గర లారీ ఆగిపోయిన రాత్రి, ఆ విమానం తప్పితే తర్వాతి విమానానికి చోటు దొరికేసరికి మొగ్గ విచ్చుకుంటుంది. విచ్చుకున్న గులాబీకి విదేశంలో ధర లేదు. అది హోసూరు పూల మార్కెట్టుకే తిరిగొస్తుంది, కట్ట లెక్కన.